శవాన్ని చూసినవాడే హంతకుడా? విక్టోరియా కాలపు తేలని హత్యల్లో సాక్షుల మీద అనుమానం

లండన్ తూర్పు పేటల్లో 1888 ఆగస్టు చివరి నుంచి నవంబరు రెండో వారం వరకు జరిగిన ఐదు హత్యలను ఒకే మనిషి పనిగా చాలామంది పరిశోధకులు లెక్కిస్తారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. 'జాక్ ద రిప్పర్' అన్నది సెంట్రల్ న్యూస్ ఏజెన్సీకి అందిన ఒక ఉత్తరం అడుగున ఉన్న సంతకం మాత్రమే, ఆ ఉత్తరం హంతకుడే రాశాడన్న నమ్మకం కూడా చాలామంది పరిశోధకులకు లేదు. ఒకప్పటి రచయితలు ఆ సంతకం వెనుక రాజకుమారుణ్ణో, రాణిగారి వైద్యుణ్ణో చూశారు. ఇటీవలి దశాబ్దాల్లో గాలి మళ్లింది. హంతకుడు రాజప్రాసాదంలో లేడని, కేసు కాగితాల్లోనే ఉన్నాడని, శవాన్ని మొదట చూశానని చెప్పిన బండివాడో, చివరిసారి ఆమెను చూశానని చెప్పిన కూలివాడో అయి ఉంటాడని వాదించే పుస్తకాలూ వీడియోలూ పెరిగాయి. ఈ వాదనలు వినడానికి బలంగా ఉంటాయి, ఎందుకంటే వాటిలో కనీసం సగం నిజం ఉంటుంది: ఆ సాక్షి నిజంగానే ఆ చోట, ఆ వేళకు ఉన్నాడు. మిగతా సగం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే ఒక్కొక్క సాక్షిని విడిగా తీసుకోవలసిందే.

సాక్షి, అనుమానితుడు, నిందితుడు

చూసినదీ విన్నదీ ప్రమాణం చేసి చెప్పేవాడు సాక్షి. నేరం చేసి ఉండవచ్చని పోలీసులు భావిస్తున్నవాడు అనుమానితుడు. అధికారికంగా నేరం మోపబడినవాడు నిందితుడు. మన వార్తాపత్రికల్లో ఈ మాటలు తరచూ కలగాపులగం అవుతుంటాయి గాని, విక్టోరియా కాలపు ఇంగ్లండులో వీటి మధ్య ఉన్న గీత ఒక మనిషి నోటిని తెరిచేదీ మూసేదీ కూడా. 1898లో చట్టం మారేదాకా నిందితుడికి తన విచారణలో తన పక్షాన ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు సాధారణంగా లేదు. సాక్షిగా ఉన్నంతకాలం ఒకడి మాట ప్రమాణపూర్వక సాక్ష్యం, బోనులోకి వెళ్లాక అదే మనిషి అదే మాట అలా చెప్పలేడు.

ఈ కేసుల సాక్ష్యాలు మనకు దక్కింది ఎక్కువగా కరోనర్ విచారణల వల్ల. మన దగ్గర అనుమానాస్పద మరణం జరిగితే పోలీసులో తహసీల్దారో శవ పంచనామా చేస్తారు. ఇంగ్లండులో కరోనర్ అనే అధికారి జ్యూరీని కూర్చోబెట్టి, చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది బహిరంగంగా విచారించేవాడు. విలేకరులు కూర్చుని రాసుకునేవారు. అసలు విచారణ పత్రాలు పోయిన చోట్ల పత్రికల నివేదికలే మిగిలాయి, ఒకే సాక్షి ఒకే రోజు చెప్పిన ఒకే వాక్యం రెండు పత్రికల్లో రెండు రకాలుగా అచ్చయిన సందర్భాలు కొల్లలు. నేటి వాదనల్లో 'సాక్షి మాట మార్చాడు' అని చెప్పేచోట మారింది సాక్షి మాటా, విలేకరి చేతిరాతా అన్నది ముందు చూసుకోవాలి.

ఆనాటి పోలీసుకు సాక్షి తప్ప పెద్దగా వేరే ఆధారం లేదు. వేలిముద్రల విభాగం స్కాట్లండ్ యార్డుకు 1901లో వచ్చింది. ఎండిన నెత్తుటి మరక మనిషిదో జంతువుదో తేల్చే పరీక్ష కూడా ఆ సంవత్సరమే వెలువడింది. కబేళాలు, మాంసం కొట్లు నిండిన పేటలో ఒకడి చొక్కా మీద రక్తం కనిపిస్తే 1888లో అది ఏమీ రుజువు చేయదు. ఎవరు ఎవరిని ఎప్పుడు చూశారన్న మాటల మీదే దర్యాప్తు నడిచింది, అందుకే ఆ మాటలు చెప్పినవారి మీదే నేటి అనుమానమూ నడుస్తోంది.

బక్స్ రోలో బండివాడు

1888 ఆగస్టు 31, శుక్రవారం తెల్లవారుజాము. పిక్‌ఫర్డ్స్ అనే సరుకు రవాణా సంస్థలో బండి తోలే ఒక మనిషి డవ్‌టన్ వీధిలోని ఇంటి నుంచి బ్రాడ్ స్ట్రీట్‌లోని పనికి నడిచి వెళుతున్నాడు. బక్స్ రో అనే చీకటి వీధిలో ఒక గేటు ముందు టార్పాలిన్‌లా ఏదో పడి ఉన్నట్టు కనిపించింది. వీధి మధ్యదాకా వచ్చేసరికి అది ఆడమనిషి అని తెలిసింది. అప్పుడే వెనుక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. వస్తున్నది రాబర్ట్ పాల్, అతనూ బండివాడే. ఇద్దరూ వంగి చూశారు. చేతులు చల్లగా ఉన్నాయి. చనిపోయి ఉంటుందని మొదటివాడు అనుకున్నాడు, ఊపిరి కాస్త ఆడుతున్నట్టు ఉందని రెండోవాడికి తోచింది. పైకి పోయిన ఆమె బట్టలను కిందికి లాగి, పనికి వేళ మించిపోతోందని, దారిలో పోలీసు కనిపిస్తే చెబుదామని వెళ్లిపోయారు. గొంతు తెగి ఉన్న సంగతి ఆ చీకట్లో ఇద్దరికీ కనబడలేదు. కొద్దిసేపటికి గస్తీలో వచ్చిన కానిస్టేబుల్ జాన్ నీల్ చేతిలో లాంతరు ఉంది కనుక అతనికి కనబడింది. ఆమె పేరు మేరీ ఆన్ నికల్స్.

ఆ మొదటి బండివాడు విచారణలో తన పేరు చార్లెస్ క్రాస్ అని చెప్పాడు. ఒక శతాబ్దం తర్వాత జనాభా లెక్కలు, చిరునామాలు పోల్చి చూసిన పరిశోధకులకు అతని అసలు పేరు చార్లెస్ అలెన్ లెచ్‌మియర్ అని తెలిసింది. అనుమానం ఇక్కడ మొదలవుతుంది. శవం పక్కన ఒంటరిగా ఉన్నాడు, అసలు పేరు చెప్పలేదు. మూడోది, దారిలో ఎదురైన కానిస్టేబుల్ జోనస్ మైజెన్‌కు 'బక్స్ రోలో ఒక పోలీసు నిన్ను రమ్మంటున్నాడు' అని క్రాస్ చెప్పినట్టు మైజెన్ సాక్ష్యమిచ్చాడు. అది నిజమైతే, శవం దగ్గర ఇప్పటికే ఒక పోలీసు ఉన్నాడన్న అబద్ధంతో తనను ఆపకుండా, సోదా చేయకుండా తప్పించుకున్నట్టే. నాలుగోది, అతని ఇల్లు, పని, తల్లి ఇల్లు కలిపి గీతలు గీస్తే ఇతర హత్యాస్థలాలు ఆ చుట్టుపక్కలే పడతాయి.

పేరు సంగతి ముందు చూద్దాం. అతని తల్లి రెండో భర్త థామస్ క్రాస్ పోలీసు కానిస్టేబుల్, 1861 జనాభా లెక్కల్లో ఈ పిల్లవాడి పేరు చార్లెస్ క్రాస్ అనే ఉంది. పెద్దయ్యాక కాగితాల మీద లెచ్‌మియర్ అని రాసుకున్నా, పనిలో సవతి తండ్రి పేరుతోనే పిలిపించుకుని ఉండవచ్చు. దాక్కోదలచినవాడు పేరు మార్చి, ఇంటి చిరునామానూ యజమాని పేరునూ మాత్రం సరిగ్గా చెప్పడం వింతగా ఉంటుంది. కాగా, అతన్ని అనుమానించేవారికి ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న మిగిలే ఉంది: సర్కారు పత్రాలన్నిటిలో ఒక పేరు వాడిన మనిషి హత్య విచారణలో మాత్రం ఇంకో పేరు ఎందుకు వాడాడు? దానికి కచ్చితమైన జవాబు లేదు.

మైజెన్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ రోజుల్లో తెల్లవారుజామున పనికి వెళ్లేవారిని తలుపు తట్టి లేపడం గస్తీ కానిస్టేబుళ్లు చేసిపెట్టే పని. ఇద్దరు బండివాళ్లు ఎదురైనప్పుడు మైజెన్ అదే చేస్తున్నాడు. ఆడమనిషి చనిపోయి పడి ఉందని చెప్పినా అతను ఇళ్లవాళ్లను లేపుతూనే ఉన్నాడని, అది సిగ్గుచేటని పాల్ పత్రికలో దుయ్యబట్టాడు. 'అక్కడ ఇంకో పోలీసు ఉన్నాడన్నారు' అని చెబితే మైజెన్ ఆలస్యం క్షమించదగినది అవుతుంది. అలా అని మైజెన్ అబద్ధమాడాడనీ చెప్పలేం. అతను వెళ్లేసరికి నీల్ నిజంగానే అక్కడ ఉన్నాడు కనుక, విన్నదీ చూసినదీ జ్ఞాపకంలో కలిసిపోయి ఉండవచ్చు. జ్యూరీ సభ్యుడు అడిగితే, తాను బక్స్ రోలో పోలీసును చూడనే లేదని, అలాంటి మాట అనలేదని క్రాస్ జవాబిచ్చాడు. మైజెన్‌తో మాట్లాడినప్పుడు పాల్ పక్కనే ఉన్నాడన్నది కూడా మరువరాదు.

నిమిషాల లెక్క

అనుమాన వాదంలో ఎక్కువమందిని ఒప్పించేది కాలం లెక్క. క్రాస్ ఇల్లు వదిలింది సుమారు 3:30కి అని అతనే చెప్పాడు. అక్కడి నుంచి బక్స్ రోకు మామూలు నడకలో ఏడు నిమిషాలు. అంటే 3:37కు చేరాలి. తాను బక్స్ రోలోకి వచ్చింది సరిగ్గా 3:45కు అని పాల్ పత్రికకు చెప్పాడు. మధ్యలో ఎనిమిది నిమిషాలు మిగిలాయి, హత్యకు అవి చాలు. కొన్ని పత్రికల్లో ఇల్లు వదిలిన వేళ 3:20 అని కూడా పడింది, దాన్ని తీసుకుంటే ఖాళీ ఇంకా పెరుగుతుంది.

ఇదే లెక్కను అవతలి కొస నుంచి చేయండి. నీల్ శవాన్ని చూసింది 3:45కు అన్నాడు. బండివాళ్లు తనకు ఎదురైంది 3:45కు అని మైజెన్ అన్నాడు. నీల్ లాంతరు ఊపి పిలిచింది 3:45కు అని మూడో కానిస్టేబుల్ జాన్ థెయిన్ అన్నాడు. బక్స్ రో నుంచి మైజెన్ నిలిచిన మూలకు మూడు నాలుగు నిమిషాల నడక. కనుక క్రాస్, పాల్ శవాన్ని వదిలింది 3:41 ప్రాంతంలో, పాల్ అక్కడికి వచ్చింది 3:40కి అటూ ఇటూ కావాలి. అప్పుడు ఎనిమిది నిమిషాలు మూడు నిమిషాలయ్యాయి. క్రాస్ ఇల్లు వదిలింది 3:30కి బదులు 3:33కు అనుకుంటే ఖాళీయే లేదు. 'సుమారు' అన్న మాటలో మూడు నిమిషాలు ఇమడవా? చేతి గడియారాలు లేని కూలీలు, ఒకదానితో ఒకటి కలవని వీధి గడియారాలు ఉన్న ఊరిలో నిమిషాల తేడాతో మనిషిని ఉరికంబం ఎక్కించడం కుదరదు. పైగా లెక్కలో పాల్ చెప్పిన 'సరిగ్గా 3:45'ను పట్టుకుని, ముగ్గురు పోలీసులు చెప్పిన 3:45ను వదిలేయడం అంటే కావలసిన జవాబు వచ్చేదాకా గడియారాలను ఎంచుకోవడమే.

నీల్ అంతకుముందు గస్తీలో అదే చోటును అరగంట ముందు దాటాడు, అప్పుడు శవం లేదు. కాబట్టి హత్య జరిగిన వ్యవధి దాదాపు 3:15 నుంచి 3:40 వరకు. నాలుగు గంటల ప్రాంతంలో వచ్చిన డాక్టర్ లూయెలిన్ ఆమె చనిపోయి అరగంటకు మించలేదని అంచనా వేశాడు. నెత్తురు ఇంకా కారుతూ ఉందన్న పోలీసుల మాట హత్య చాలా తాజాగా జరిగిందని చెబుతుంది, దాన్ని క్రాస్‌కు వ్యతిరేకంగా వాడతారు. కాని క్రాస్ రావడానికి నాలుగైదు నిమిషాల ముందు జారిపోయిన మనిషికి కూడా అది అంతే బాగా సరిపోతుంది.

దారుల గీతల విషయానికి వస్తే, అదే పరీక్షను రాబర్ట్ పాల్ మీద ప్రయోగించి చూడవచ్చు. అతనూ ఆ వేళకే, ఆ వీధిలోనే ఉన్నాడు. అతను పనిచేసే కార్బెట్స్ కోర్టు (ఇక్కడ కోర్టు అంటే ఇళ్ల మధ్య ఇరుకు సందు) హాన్‌బరీ వీధి పక్కనే, ఆ వీధిలోని 29వ నంబరు ఇంట్లోనే వారం తర్వాత ఆనీ చాప్‌మన్ హత్య జరిగింది. అంటే ఈ పరీక్షలో క్రాస్ ఎంత బాగా నెగ్గుతాడో పాల్ అంతకన్నా బాగా నెగ్గుతాడు. ఆ వేళకు బెత్నల్ గ్రీన్ నుంచి సిటీ వైపు, స్పిటల్‌ఫీల్డ్స్ మార్కెట్ వైపు నడిచిన ప్రతి బండివాడూ, హమాలీ, కబేళా పనివాడూ ఆ వడపోతలో మిగులుతాడు. క్రాస్ పేరు మనకు తెలియడానికి కారణం అతను ఆగి పోలీసుకు చెప్పడం. ఆగకుండా పోయినవారెవరూ ఫైల్లో లేరు, నాకు ఈ మొత్తం వివాదంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే అనిపిస్తుంది.

మెట్ల మీద బూటు కోసుకున్న మనిషి

సాక్షుల్ని అనుమానించడం నేటి కాలపు చాపల్యం అనుకోరాదు, ఆనాటి పోలీసులే ఆ పని చేశారు. సెప్టెంబరు 8న హాన్‌బరీ వీధి ఇంటి వెనుక పెరట్లో ఆనీ చాప్‌మన్ శవాన్ని, ఆరు గంటలవుతుండగా ఆ ఇంట్లో ఉండే జాన్ డేవిస్ చూశాడు. అదే ఇంట్లో ఉండే ఒక వితంతువు కొడుకు జాన్ రిచర్డ్‌సన్ మార్కెట్లో కూలి. ఇంటి కింది గదిలో దొంగతనం జరిగినప్పటి నుంచి పనికి వెళుతూ తాళం చూసి పోవడం అతని అలవాటు. ఆ రోజు 4:45 ప్రాంతంలో వచ్చి, పెరటి మెట్ల మీద కూర్చుని, కాలికి గుచ్చుకుంటున్న బూటు తోలు ముక్కను కత్తితో కోసుకుని వెళ్లానని, అప్పుడు శవం లేదని చెప్పాడు. శవం దొరికింది ఆ మెట్ల పక్కనే.

అనుమానానికి కావలసినవన్నీ ఉన్నాయి: చోటు, వేళ, చేతిలో కత్తి. మొదట ఇన్‌స్పెక్టర్ చాండ్లర్‌తో మాట్లాడినప్పుడు మెట్ల మీద కూర్చున్న సంగతి చెప్పలేదన్నది కూడా ఉంది. విచారణ మధ్యలో కరోనర్ వైన్ బ్యాక్‌స్టర్ అతణ్ణి ఇంటికి పంపి ఆ కత్తి తెప్పించాడు. తీరా చూస్తే అది మొండి భోజనపు కత్తి. దానితో తోలు సరిగ్గా తెగలేదని, మార్కెట్లో ఇంకొకరి కత్తి అడిగి కోసుకున్నానని అతను వివరించాడు.

చిక్కు అక్కడితో పోలేదు. 6:30కు శవాన్ని చూసిన డాక్టర్ జార్జ్ బ్యాగ్‌స్టర్ ఫిలిప్స్ చనిపోయి కనీసం రెండు గంటలు అయి ఉంటుందని, ఇంకా ఎక్కువే కావచ్చని అన్నాడు. అంటే 4:30కు ముందే. అది నిజమైతే రిచర్డ్‌సన్ శవం పక్కన కూర్చుని బూటు కోసుకున్నట్టు. పోలీసు అధికారి డొనాల్డ్ స్వాన్‌సన్ అక్టోబరు 19 నాటి నివేదికలో ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపి, రిచర్డ్‌సన్ బట్టలు పరీక్షించామని, ఇల్లు సోదా చేశామని, పోలీసులు అతని మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టినా అనుమానానికి ఆధారం దొరకలేదని రాశాడు.

ఇక్కడ తప్పు సాక్షిది కాకపోవచ్చు, డాక్టరుది కావచ్చు. ఫిలిప్స్ థర్మామీటరు పెట్టలేదు, చేత్తో తాకి అంచనా వేశాడు. చలి ఉదయం కావడం, రక్తం చాలావరకు పోవడం వల్ల ఒళ్లు తొందరగా చల్లబడి ఉండవచ్చని అతనే అన్నాడు. 5:30కు ఇంటి ముందు ఒక జంటను చూశానన్న ఎలిజబెత్ లాంగ్, అంతకు కాస్త ముందు పక్క పెరట్లో 'వద్దు' అన్న మాటా, కంచెకు ఏదో తగిలిన చప్పుడూ విన్నానన్న ఆల్బర్ట్ కాడోష్, ఇద్దరూ రిచర్డ్‌సన్ పక్షానే నిలుస్తారు. వారిద్దరి వేళలు ఒకదానితో ఒకటి పొసగవు, లాంగ్ చూసిన జంట ఇంకా వీధిలో ఉండగానే కాడోష్ పెరట్లో చప్పుడు విన్నట్టు అవుతుంది. అయినా ఒక పది నిమిషాల తేడాను సర్దుకుంటే ముగ్గురు సాక్షులు ఒక కథ చెబుతారు, డాక్టరు ఒక్కడే ఇంకొకటి చెబుతాడు.

మరీ ఎక్కువ చూసిన సాక్షి

నవంబరు 9న మిల్లర్స్ కోర్టు అనే ఇరుకు సందులోని ఒక గదిలో మేరీ జేన్ కెల్లీ హత్య జరిగింది. కరోనర్ రోడరిక్ మెక్‌డొనాల్డ్ విచారణను 12వ తేదీన ఒక్క రోజులో ముగించాడు. ఆ సాయంత్రం ఆరు గంటలకు జార్జ్ హచిన్‌సన్ అనే పనిలేని కూలి కమర్షియల్ స్ట్రీట్ పోలీసు స్టేషనుకు వచ్చాడు. హత్య జరిగిన రాత్రి రెండు గంటలకు కెల్లీ తనను ఆరు పెన్నీలు అడిగిందని, లేవంటే ముందుకు సాగి ఇంకో మనిషిని కలిసిందని, ఇద్దరూ మిల్లర్స్ కోర్టులోకి వెళ్లాక తాను బయట ముప్పావు గంట నిలబడి చూశానని చెప్పాడు. ఆ మనిషి వర్ణన చూడండి: వయసు 34, 35, కొసలు మెలితిప్పిన మీసం, అస్త్రఖాన్ బొచ్చు కాలరున్న పొడవు కోటు, గుర్రపు నాడా ఆకారపు టై పిన్ను, లావు బంగారు గొలుసు, దానికి వేలాడే ఎర్రరాయి ముద్ర. అర్ధరాత్రి దాటాక, గ్యాసు దీపం వెలుగులో, ఒక్కసారి వంగి ముఖంలోకి చూసి పట్టుకున్న వివరాలివి.

ఆ రాత్రే అతణ్ణి ప్రశ్నించిన ఇన్‌స్పెక్టర్ ఫ్రెడరిక్ ఆబర్లైన్ అతను చెప్పింది నిజమేనని తన అభిప్రాయం రాశాడు. మూడు రోజులు గడవకముందే పత్రికలు ఆ కథకు విలువ పోయిందని రాశాయి. ఎందుకు పోయిందో చెప్పే పోలీసు కాగితం మిగల్లేదు.

నేటి అనుమానానికి బలమైన మెలిక ఇంకొకటి ఉంది. ఆ రోజు విచారణలో సారా లూయిస్ అనే ఆమె, రాత్రి 2:30 ప్రాంతంలో మిల్లర్స్ కోర్టు ఎదుట ఒక మనిషి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నాడని చెప్పింది. ఆమె సాక్ష్యం చెప్పిన కొన్ని గంటలకే హచిన్‌సన్ వచ్చాడు. తనను ఎవరో చూశారని తెలిసి, ముందే వచ్చి కథ అల్లాడా? ఒంటరిగా ముప్పావు గంట హత్యాస్థలం ముందు నిలబడ్డానని తానే ఒప్పుకున్న సాక్షి ఈ కేసులన్నిటిలో ఇతనొక్కడే, క్రాస్‌తో పోలిస్తే ఇతని మీది అనుమానం చాలా బరువైనది. ఎదుటి వాదమూ గట్టిదే. లూయిస్ ఆ మనిషిని పోల్చుకోగలదని ఎక్కడా లేదు, ఊరుకుని ఉంటే హచిన్‌సన్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. అతను నిజంగా అక్కడ నిలబడి, చూసిన పిసరంతకు పేరు కోసమో నాలుగు డబ్బుల కోసమో నగలూ బొచ్చు కాలరూ తొడిగి ఉండవచ్చు. అసలు ఆ రాత్రి కాదు, వేరే రాత్రి చూసి ఉండవచ్చు. అబద్ధం తేలినా, దాని నుంచి హత్యకు వెళ్లే దారి వేరుగా వేసుకోవాలి.

అల్లినవారు, పొరబడినవారు

ఆ దారి ఎందుకు వేరో మ్యాథ్యూ ప్యాకర్ ఉదంతంలో బాగా కనిపిస్తుంది. సెప్టెంబరు 30న ఎలిజబెత్ స్ట్రైడ్ హత్య జరిగిన బెర్నర్ వీధిలో అతనిది పండ్ల దుకాణం. ఆ ఉదయం సార్జెంట్ స్టీఫెన్ వైట్ అడిగితే ఎవరినీ చూడలేదన్నాడు. రెండు రోజుల తర్వాత ఇద్దరు ప్రైవేటు డిటెక్టివ్‌లు వచ్చి వెళ్లాక, స్ట్రైడ్‌తో ఉన్న మనిషికి ద్రాక్షపండ్లు అమ్మానన్నాడు. వేళలు కూడా మారుతూ వచ్చాయి. చనిపోవడానికి ముందు చాలా గంటల వరకు ఆమె ద్రాక్ష తొక్క గాని గింజ గాని మింగలేదని డాక్టర్ ఫిలిప్స్ తేల్చాడు. ఇంత బాహాటంగా మాట మార్చిన ప్యాకర్‌ను హంతకుడని అనేవారు దాదాపు లేరు, ఎందుకంటే అతని అబద్ధం వెనుక పత్రికల గిరాకీ స్పష్టంగా కనిపిస్తుంది. హోం శాఖ బహుమతులు ప్రకటించే పద్ధతిని 1884లోనే మానుకోవడానికి కారణం కూడా ఇదే: డబ్బు ఆశ చూపితే సాక్ష్యాలు పుట్టుకొస్తాయి.

అబద్ధం కాని పొరపాటుకు ఉదాహరణ కెరొలైన్ మాక్స్‌వెల్. కెల్లీని నవంబరు 9 ఉదయం ఎనిమిది గంటల తర్వాత బతికి ఉండగా చూసి మాట్లాడానని ప్రమాణం చేసి చెప్పింది. మీ మాట మిగతా సాక్ష్యాలకు భిన్నంగా ఉంది, జాగ్రత్తగా చెప్పండని కరోనర్ హెచ్చరించినా బెసకలేదు. డాక్టర్ల అంచనా ప్రకారం కెల్లీ అప్పటికే చనిపోయి గంటలయింది. రోజు తప్పిందో, మనిషి తప్పిందో.

ఇజ్రాయెల్ ష్వార్ట్‌జ్ సంగతి భాష వల్ల చిక్కుబడింది. హంగరీ నుంచి వచ్చిన ఈ యూదుడికి ఇంగ్లీషు రాదు. స్ట్రైడ్‌ను ఒకడు కింద పడేయడం చూశానని, దాడి చేసినవాడు 'లిప్‌స్కీ' అని అరిచాడని దుబాసీ ద్వారా పోలీసులకు చెప్పాడు. అక్కడే ఉన్న రెండో మనిషి చేతిలో పోలీసు వాంగ్మూలంలో పొగతాగే పైపు ఉంటే, 'స్టార్' పత్రిక కథనంలో కత్తి ఉంది. ఈ తేడాను పట్టుకుని ష్వార్ట్‌జ్‌నే శంకించేవారున్నారు, రెండు వేర్వేరు సంభాషణల్లో మాట దుబాసీల మీదుగా వచ్చిందన్నది వారు తేలిగ్గా తీసుకుంటారు. లిప్‌స్కీ అంటే అంతకుముందు ఏడాది పక్క వీధిలో జరిగిన హత్యకు ఉరిపడ్డ ఒక యూదుడు, ఆ పేరు తర్వాత ఆ పేటలో తిట్టుగా మారింది. ఆ కేసు విచారించిన జడ్జి జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఏ సాక్ష్యం చెల్లుతుంది, సాక్షి విశ్వసనీయతను ఎలా ప్రశ్నించాలి అన్నవాటికి 2024 జూన్ దాకా మన కోర్టుల్లో అమలైన 1872 నాటి సాక్ష్య చట్టం ముసాయిదా కూడా ఆయనదే.

తలుపులు మూసిన ఇంట్లో సాక్షి

సాక్షి మీద అనుమానం నిజంగా బలంగా నిలిచే కేసులు వేరే రకం. 1876 ఏప్రిల్ 18 రాత్రి దక్షిణ లండన్‌లోని బాలమ్‌లో, 'ద ప్రయరీ' అనే ఇంట్లో చార్లెస్ బ్రావో అనే యువ బారిస్టరు తన పడకగది నుంచి వేడినీళ్ల కోసం కేకలు వేస్తూ కుప్పకూలాడు. మూడు రోజుల తర్వాత చనిపోయాడు. యాంటిమనీ విషం. పెళ్లయి నాలుగు నెలలే. భార్య ఫ్లోరెన్స్ ధనవంతురాలు, పెళ్లికి ముందు ఆమెకు డాక్టర్ జేమ్స్ గల్లీ అనే పెద్దవయసు వైద్యుడితో సంబంధం ఉండేది. ఇంట్లో ఆమెకు తోడుగా ఉండేది జేన్ కాక్స్ అనే వితంతువు.

కాక్స్ ఇచ్చిన సాక్ష్యం చుట్టూనే కేసు తిరిగింది. 'నేను విషం తీసుకున్నాను, ఫ్లోరెన్స్‌కు చెప్పకు' అని బ్రావో తనతో అన్నాడని ఆమె డాక్టర్లకు చెప్పింది. డాక్టర్లు అడిగితే అలా అన్నట్టు గుర్తు లేదని, చిగుళ్లకు లాడనం (నల్లమందు ద్రావణం) తప్ప ఇంకేమీ వాడలేదని బ్రావో బతికుండగానే చెప్పాడు. మొదటి విచారణ తేలకుండా ముగిసింది. పత్రికలు గోల పెట్టాక ఆమె అదే వాక్యంలో గల్లీ పేరు చేర్చింది: గల్లీ కోసం విషం తీసుకున్నానని బ్రావో అన్నాడట. కోర్టు ఆ విచారణను కొట్టేసి రెండోది జరిపించింది. ఆగస్టులో జ్యూరీ ఇచ్చిన తీర్పు ప్రకారం అది ఆత్మహత్యా కాదు, ప్రమాదమూ కాదు, ఉద్దేశపూర్వక హత్య, కాని ఎవరి మీదా నేరం నిలిపేంత సాక్ష్యం లేదు.

బక్స్ రోకూ ప్రయరీకీ ఉన్న తేడా మనుషుల సంఖ్య. బాలమ్ ఇంట్లో బ్రావో నీళ్ల కూజానో, సీసానో తాకగలిగినవారు వేళ్ల మీద లెక్కకు వస్తారు, సాక్షులూ వారే. కాక్స్ చెప్పిన మాటను నమ్మితే అది ఆత్మహత్య, నమ్మకపోతే ఆమె ఆ మాట ఎందుకు కల్పించిందన్నది తప్పించుకోలేని ప్రశ్న. ఇక్కడ కూడా రెండు జవాబులున్నాయి. తాను చేసిందాన్ని కప్పుకోవడానికి కావచ్చు, ఫ్లోరెన్స్ చేసిందని భయపడి ఆమెను కాపాడటానికి కావచ్చు. బ్రావోయే, భార్యకు కొద్దికొద్దిగా ఇవ్వదలచిన విషాన్ని పొరపాటున మింగాడన్న వాదం కూడా ఉంది, దానికి నాకు పెద్దగా ఆధారం కనబడదు.

పోలీసులు అనుమానించకపోవడం ఏమి చెబుతుంది

సాక్షుల పక్షాన చివరికి చాలామంది ఎక్కుపెట్టే బాణం ఒకటి ఉంది: పోలీసులు వారినెవరినీ హంతకులుగా లెక్కించలేదు కదా. అది నిజమే. మెల్విల్ మెక్‌నాటన్ అనే ఉన్నతాధికారి 1894లో రాసిన పత్రంలో డ్రూయిట్, కోస్మిన్‌స్కీ, ఆస్ట్రోగ్ అనే మూడు పేర్లున్నాయి. ఆబర్లైన్ 1903లో వేరే పేరు చెప్పాడు. లిటిల్‌చైల్డ్ అనే మరో అధికారి 1913లో ఒక ఉత్తరంలో ఇంకో పేరు రాశాడు. వీటిలో క్రాస్ లేడు, రిచర్డ్‌సన్ లేడు, హచిన్‌సన్ లేడు. స్వాన్‌సన్ నివేదిక నాటికే మూడు వందల మందికి పైగా మనుషుల గురించి ఆరా తీశారు, ఎనభై మందిని స్టేషన్లలో నిలిపి ఉంచారు.

కాని ఆ జాబితాల నాణ్యత చూస్తే ఈ బాణం కూడా అంత సూటిగా పోదు. మెక్‌నాటన్ పోలీసు శాఖలో చేరిందే హత్యల తర్వాత, 1889లో. డ్రూయిట్‌ను 41 ఏళ్ల డాక్టరు అని రాశాడు, అతను 31 ఏళ్ల బారిస్టరు, బడి పంతులు. ఇక ఆస్ట్రోగ్ హత్యలు జరుగుతున్న ఆ నెలల్లో ఫ్రాన్సులో నిర్బంధంలో ఉన్నాడు.